పడవ అడుగును రాసుకుంటూ పోయే నీరు: గోడ దగ్గరి త్రీడీ ప్రవాహాన్ని లెక్కకట్టే మార్గదర్శి

సీఎఫ్‌డీ (ద్రవ ప్రవాహాన్ని కంప్యూటర్ మీద లెక్కకట్టడం) కొత్తగా మొదలుపెట్టినవాళ్లలో చాలామంది ముందు మెష్ (ప్రవాహాన్ని సెల్స్ అనే చిన్న గదులుగా విడగొట్టే వల) వేసి, రన్ పూర్తయ్యాక వై-ప్లస్ (గోడ నుంచి దూరానికి కొలమానం) ఎంత వచ్చిందో చూసుకుంటారు. ఆ వరస తిరగబడాలి. గోడకు, అంటే నీటిని తాకే పడవ ఉపరితలానికి, ఆనుకుని ఉన్న మొదటి సెల్ ఎంత ఎత్తు ఉండాలి, ఆ సెల్‌లో ఏ సూత్రం పనిచేయాలి అన్నవి కంప్యూటర్ తెరవకముందే కాగితం మీద తేలాలి. మెష్ సైజు, టైమ్ స్టెప్, టర్బులెన్స్ మోడల్, చివరికి మీకు కావలసిన కోర్‌ల సంఖ్య కూడా ఆ ఒక్క నిర్ణయం నుంచే పుడతాయి.

ఇది విశాఖలో నేవల్ ఆర్కిటెక్చర్, మెకానికల్, మెరైన్ ఇంజినీరింగ్ చదువుతున్నవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ఈ ఊళ్లో హిందుస్థాన్ షిప్‌యార్డ్ ఉంది, టోయింగ్ ట్యాంక్ (ఓడల నమూనాలను లాగి పరీక్షించే పొడవాటి నీటి తొట్టి) ఉన్న రక్షణ పరిశోధనశాల ఎన్‌ఎస్‌టీఎల్ ఉంది, ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది, ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ క్యాంపస్ ఉంది. నీటిలో కదిలే వస్తువు మీద పడే ఘర్షణను లెక్కకట్టగలిగినవాళ్లకు ఇక్కడ పని ఉంటుంది. అందుకే ఉదాహరణగా ఫిషింగ్ హార్బర్‌లో కనిపించే తరహా చిన్న పడవను తీసుకుంటున్నాను. నీటి గీత దగ్గర పొడవు 10 మీటర్లు, వేగం సెకనుకు 4 మీటర్లు, అంటే దాదాపు 8 నాట్లు, నీట మునిగిన ఉపరితలం 30 చదరపు మీటర్లు. అలల సంగతి పక్కన పెడుతున్నాను. నీటి మట్టాన్ని చదునైన సిమెట్రీ తలంగా తీసుకునే డబుల్-బాడీ లెక్క ఇది. అలలు కలిస్తే సమస్య ఇంకా పెరుగుతుంది కానీ గోడ దగ్గరి సూత్రాలు మారవు.

గోడ దగ్గర అసలేం జరుగుతుంది

గోడను తాకిన ద్రవం గోడతో పాటే ఉంటుంది, జారదు. కొద్ది దూరంలోనే వేగం పూర్తి స్థాయికి చేరాలి. ఈ మార్పంతా ఒక పలుచని పొరలోనే జరుగుతుందని 1904లో హైడెల్‌బర్గ్ గణిత సభలో లుడ్విగ్ ప్రాంట్ల్ చూపించాడు. అదే బౌండరీ లేయర్. టర్బులెంట్ ప్రవాహంలో ఆ పొరలో మళ్లీ పొరలుంటాయి. గోడ నుంచి దూరాన్ని ఘర్షణ వేగంతో (గోడ ఘర్షణ స్ట్రెస్‌ను సాంద్రతతో భాగించి తీసిన వర్గమూలం) గుణించి స్నిగ్ధతతో భాగిస్తే వచ్చేదే వై-ప్లస్. అది 5 లోపు ఉన్నంతవరకు స్నిగ్ధతదే రాజ్యం, అక్కడ యు-ప్లస్ (వేగాన్ని ఘర్షణ వేగంతో భాగిస్తే వచ్చేది) = వై-ప్లస్. 30 దాటాక లాగరిథమ్ సూత్రం వర్తిస్తుంది: యు-ప్లస్ = (1/0.41) × సహజ లాగరిథమ్(వై-ప్లస్) + 5 చిల్లర. 5కీ 30కీ మధ్యది బఫర్ పొర. అక్కడ రెండు సూత్రాల్లో ఏదీ సరిపోదు, టర్బులెన్స్ ఉత్పత్తి మాత్రం అక్కడే అత్యధికం. మెష్ వేసేవాళ్లకు ఎక్కువ ఇబ్బందులు అక్కడి నుంచే వస్తాయి.

మొదటి అడుగు: కాగితం మీద లెక్క

ముందు స్నిగ్ధత. పాఠ్యపుస్తకాల పట్టికల్లో సముద్రపు నీటి విలువ ఎక్కువగా 15 డిగ్రీల దగ్గర ఇస్తారు, కైనమాటిక్ స్నిగ్ధత సెకనుకు దాదాపు 1.19 చదరపు మిల్లీమీటర్లు. వేసవిలో మన తీరంలో ఉపరితల నీరు 30 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది, అక్కడ ఆ విలువ సుమారు 0.85. రెండింటికీ తేడా 40 శాతం. పట్టికలోంచి గుడ్డిగా ఎత్తేస్తే ఘర్షణ గుణకంలోనే దాదాపు 5 శాతం తప్పు వచ్చేస్తుంది. టర్బులెన్స్ మోడల్ మార్చి సాధించాలనుకునే మెరుగుదల చాలాసార్లు అంతకంటే చిన్నదే.

ఇప్పుడు వరసగా చేయండి. రెనాల్డ్స్ సంఖ్య = వేగం × పొడవు ÷ స్నిగ్ధత, మన పడవకు 4.7 కోట్లు. ఘర్షణ గుణకానికి ఓడల లెక్కల్లో వాడే 1957 నాటి ఐటీటీసీ (అంతర్జాతీయ టోయింగ్ ట్యాంక్ సంఘం) రేఖ చాలు: 0.075ను, (10 ఆధారంగా రెనాల్డ్స్ సంఖ్య లాగరిథమ్ − 2) వర్గంతో భాగించండి. లాగరిథమ్ 7.67, కాబట్టి గుణకం 0.00233. దాన్ని 2తో భాగించి, వర్గమూలం తీసి, వేగంతో గుణిస్తే ఘర్షణ వేగం వస్తుంది: సెకనుకు 0.137 మీటర్లు.

స్నిగ్ధతను ఘర్షణ వేగంతో భాగిస్తే వచ్చే పొడవు ఈ లెక్క మొత్తానికి కొలబద్ద. దీన్నే గోడ యూనిట్ అంటారు. మన పడవకు అది 6.2 మైక్రాన్లు. వై-ప్లస్ 1 అంటే గోడ నుంచి 6.2 మైక్రాన్లు, వై-ప్లస్ 50 అంటే 0.31 మిల్లీమీటర్లు. బౌండరీ లేయర్ మందానికి 0.37 × పొడవు ÷ (రెనాల్డ్స్ సంఖ్య 1/5వ ఘాతం) అనే పాత సూత్రం వేస్తే వెనుక చివర దాదాపు 11 సెంటీమీటర్లు వస్తుంది. అంటే 11 సెంటీమీటర్ల పొరలో 6 మైక్రాన్ల వివరం దాగి ఉంది. ఈ నిష్పత్తి దాదాపు 17,000. సమస్య ఎంత కష్టమో చెప్పేది ఈ సంఖ్యే.

ఒక జాగ్రత్త. వై-ప్లస్ కొలిచేది గోడ నుంచి సెల్ మధ్య బిందువుకు. ఫైనైట్ వాల్యూమ్ సాల్వర్‌లో సెల్ మధ్య 6.2 మైక్రాన్ల దగ్గర ఉండాలంటే మొదటి పొర ఎత్తు 12.4 మైక్రాన్లు పెట్టాలి. ఒక్కో పొర ముందుదాని కంటే 1.2 రెట్లు పెరిగితే 11 సెంటీమీటర్లు చేరడానికి 41 పొరలు పడతాయి. వై-ప్లస్ 50తో, అంటే 0.62 మిల్లీమీటర్ల మొదటి పొరతో మొదలుపెడితే 20 పొరలు చాలు.

రెండో అడుగు: ఎంత లోతుకు దిగాలో తేల్చుకోవడం

ప్రతి చిన్న సుడినీ పట్టుకునేది డీఎన్‌ఎస్. పెద్ద సుడులను లెక్కించి చిన్నవాటిని మోడల్‌కు వదిలేది ఎల్‌ఈఎస్. అన్నింటినీ సగటు చేసి మోడల్ చేసేది రాన్స్. ఈ మూడూ చదువుకున్న విషయమే. అసలు ప్రశ్న గోడ దగ్గర ఏం చేస్తున్నామన్నది.

గోడ వరకు పూర్తిగా విడమరిచే ఎల్‌ఈఎస్‌నే మన పడవకు ప్రయత్నిద్దాం. గోడ మీద సెల్ పొడవు ప్రవాహ దిశలో 100 గోడ యూనిట్లు, అడ్డంగా 20 యూనిట్లు అనుకుందాం. మిల్లీమీటర్లలో 0.62, 0.124. 30 చదరపు మీటర్లను ఇలాంటి సెల్స్‌తో పరిస్తే ఒక్క పొరలోనే 39 కోట్ల సెల్స్. పైకి పోయేకొద్దీ సెల్స్‌ను పెద్దవి చేసుకున్నా మొత్తం వందల కోట్లకు తగ్గదు. గోడ దగ్గరి భాగాన్ని మోడల్‌కు అప్పగించే ఎల్‌ఈఎస్‌లో అయితే వెనుక భాగంలో 1 సెంటీమీటర్ సెల్స్ సరిపోతాయి. పొరకు 3 లక్షలు, బౌండరీ లేయర్‌లో పది పొరలకు 30 లక్షలు. ముందు భాగంలో పొర పలుచన కాబట్టి అక్కడ ఇంకా చిన్నవి కావాలి, అయినా ఇది చేయగలిగిన లెక్క.

ఈ అగాధాన్ని 2012లో చోయ్, మొయిన్ సూత్రంగా రాశారు. గోడ వరకు విడమరిచే ఎల్‌ఈఎస్‌కు సెల్స్ సంఖ్య రెనాల్డ్స్ సంఖ్య 13/7వ ఘాతంతో పెరుగుతుంది, గోడ మోడల్ ఉన్నదానికి ఒకటో ఘాతంతో, డీఎన్‌ఎస్‌కు 37/14వ ఘాతంతో. పడవ సైజు, వేగం పెరిగేకొద్దీ మీ చేతిలో ఎన్ని దారులు మిగులుతాయో దీనితో ముందే తెలిసిపోతుంది.

నా సలహా ఇది. మొత్తం ఘర్షణ, పీడన నిరోధం మాత్రమే కావాలంటే కే-ఒమేగా ఎస్‌ఎస్‌టీ మోడల్‌తో రాన్స్ చేయండి. మెంటర్ 1994లో ఇచ్చిన ఈ మోడల్ వ్యతిరేక పీడన వాలులో (ప్రవాహ దిశలో పీడనం పెరిగేచోట) కే-ఎప్సిలాన్ కంటే నమ్మదగ్గది. ప్రొపెల్లర్‌లోకి వచ్చే అస్థిర ప్రవాహం, శబ్దం, కంపనం కావాలంటే గోడ మోడల్ ఉన్న ఎల్‌ఈఎస్ గానీ డీఈఎస్ (గోడ దగ్గర రాన్స్, దూరంగా ఎల్‌ఈఎస్ వాడే మోడల్స్) కుటుంబం గానీ తీసుకోండి. డీఈఎస్ తీసుకుంటే 1997 నాటి మొదటి రూపం వద్దు. గోడ మీది గ్రిడ్ మధ్యస్థంగా సన్నబడినప్పుడు మోడల్ బౌండరీ లేయర్ లోపలే ఎల్‌ఈఎస్‌కు మారిపోయి, లేని సెపరేషన్‌ను (ప్రవాహం గోడను వదిలేయడాన్ని) పుట్టిస్తుంది. 2006లో వచ్చిన డీలేడ్ రూపం ఆ లోపాన్ని సరిచేయడానికే.

మూడో అడుగు: సాల్వర్‌లో గోడ

రెడీమేడ్ సాల్వర్ వాడినా సరే, లోపల జరిగేది తెలిసి ఉండాలి. అసంపీడ్య ప్రవాహానికి పీడనం కోసం ప్రత్యేక సమీకరణం లేదు, వేగక్షేత్రపు డైవర్జెన్స్ సున్నా కావాలన్న షరతు నుంచే దాన్ని రాబట్టాలి. 1968లో కోరిన్ ఇచ్చిన ప్రొజెక్షన్ పద్ధతిలో ముందు పీడనం లేకుండా మధ్యంతర వేగం లెక్కించి, పాయిసాన్ సమీకరణం సాధించి, వచ్చిన పీడన గ్రేడియంట్‌తో వేగాన్ని సరిచేస్తారు. దీని లోపం సరిగ్గా గోడ దగ్గరే బయటపడుతుంది. మధ్యంతర వేగానికి గోడ దగ్గర సున్నా ఇచ్చినా, సవరణ తర్వాత గోడ వెంట టైమ్ స్టెప్ స్థాయిలో చిన్న జారుడు మిగిలిపోతుంది. గోడ ఘర్షణే మీకు కావలసిన ఫలితమైనప్పుడు ఇది ఉపేక్షించదగ్గది కాదు. మధ్యంతర దశలోనే పాత స్టెప్ పీడన గ్రేడియంట్‌ను కలుపుకుంటే ఆ జారుడు టైమ్ స్టెప్ వర్గం స్థాయికి పడిపోతుంది. సొంతంగా కోడ్ రాసేవాళ్లు మొదటి రోజు నుంచే ఈ ఇంక్రిమెంటల్ రూపం రాసుకోవాలి.

వేగం, పీడనం రెండూ సెల్ మధ్యలోనే ఉంచితే చదరంగపు గళ్లలాంటి తప్పుడు పీడనం రావచ్చు. దానికి రై, చౌ 1983లో ఇచ్చిన ముఖతల సవరణ అన్ని సాధారణ ప్యాకేజీల్లో ఏదో రూపంలో ఉంటుంది. దాని గురించి ఎక్కువ ఆలోచించనక్కర్లేదు.

సమీకరణంలోని కన్వెక్షన్ పదం (ప్రవాహం తన వేగాన్ని తనతో మోసుకుపోవడాన్ని చెప్పే భాగం) మీద మాత్రం శ్రద్ధ పెట్టండి. రాన్స్‌కు రెండో ఆర్డర్ అప్‌విండ్ (ప్రవాహం వచ్చే వైపు సెల్స్ విలువలు తీసుకునే పద్ధతి) చాలు. ఎల్‌ఈఎస్‌కు మాత్రం అప్‌విండ్ వాడకండి, రెండు వైపుల సెల్స్ విలువలూ సమంగా తీసుకునే సెంట్రల్ డిఫరెన్సింగ్ వాడండి. కారణం గోడ దగ్గరి నిర్మాణంలోనే ఉంది. స్టాన్‌ఫర్డ్‌లో క్లైన్ బృందం 1967లో చూపించినట్టు, గోడను ఆనుకుని నెమ్మదిగా, వేగంగా కదిలే నీటి చారలు పక్కపక్కనే ఉంటాయి. వాటి మధ్య దూరం సగటున 100 గోడ యూనిట్లు. అడ్డదిశలో 20 యూనిట్ల సెల్ పెడితే ఒక్కో చారకు ఐదు సెల్స్ మాత్రమే దక్కుతాయి. ఆ ఐదింటి మీద అప్‌విండ్ పద్ధతి కృత్రిమ స్నిగ్ధత పూస్తే చారలు వెడల్పై బలహీనపడిపోతాయి, గోడ ఘర్షణ తగ్గిపోతుంది. రన్ చూడడానికి ఎంతో స్థిరంగా ఉంటుంది, ఫలితం మాత్రం తప్పు.

ఇక ఉపగ్రిడ్ మోడల్, అంటే గ్రిడ్‌కు అందని చిన్న సుడుల మోడల్. స్మగోరిన్‌స్కీ 1963 నాటి మోడల్‌కు గోడ దగ్గర స్నిగ్ధతను తనంతట తాను తగ్గించుకోవడం చేతకాదు, దానికి వాన్ డ్రీస్ట్ తగ్గింపు తగిలించాలి. నికూ, డ్యూక్రో 1999లో ఇచ్చిన వేల్ మోడల్ గోడకు దూరం ఎంతో తెలియకుండానే, దూరపు ఘనంతో తగ్గుతూ సున్నాకు చేరుతుంది. పడవలాంటి వంకర ఆకారాలకు ఇదే మేలు.

నాలుగో అడుగు: ముందు చానెల్, తర్వాతే పడవ

తెలిసిన జవాబు ఉన్న సమస్య మీద పరీక్షించని సాల్వర్‌తో పడవ జోలికి పోకూడదు. అందరూ వాడే పరీక్ష రెండు సమాంతర గోడల మధ్య చానెల్ ప్రవాహం. 1987లో కిమ్, మొయిన్, మోజర్ దాదాపు 40 లక్షల గ్రిడ్ బిందువులతో చేసిన డీఎన్‌ఎస్ దీనికి పునాది. 1999లో మోజర్, కిమ్, మన్సూర్ ఘర్షణ వేగం ఆధారిత రెనాల్డ్స్ సంఖ్య 590 వరకు డేటా ఇచ్చారు. ఆ డేటా ఉచితంగా దొరుకుతుంది.

ఆ రెనాల్డ్స్ సంఖ్య 395 ఉన్న కేసు తీసుకోండి. చానెల్ సగం ఎత్తు 1, ఘర్షణ వేగం 1, సాంద్రత 1, స్నిగ్ధత 1/395 అని పెట్టుకుంటే ప్రవాహాన్ని నడిపే పీడన వాలు సరిగ్గా 1 అవుతుంది. డొమైన్ పొడవు 6.28, ఎత్తు 2, వెడల్పు 3.14. పొడవు, వెడల్పు దిశల్లో పీరియాడిక్ (ఒక చివర బయటికి పోయిన ప్రవాహం రెండో చివర లోపలికి వస్తుంది), పైనా కిందా గోడలు. సెల్స్ 64 × 96 × 64, మొత్తం 3.9 లక్షలు. ప్రవాహ దిశలో సెల్ 39 గోడ యూనిట్లు, అడ్డంగా 19. ఎత్తు దిశలో హైపర్బాలిక్ టాంజెంట్ సాగతీత 2.2 గుణకంతో పెడితే మొదటి సెల్ ఎత్తు 0.93 యూనిట్లు, మధ్యలో సెల్ 18.6 యూనిట్లు. మామూలు డెస్క్‌టాప్‌కు ఇది కొన్ని గంటల పని.

టైమ్ స్టెప్‌కు రెండు పరిమితులున్నాయి. మధ్యలో వేగం దాదాపు 20, సెల్ పొడవు 0.098. కూరాంట్ సంఖ్య (ఒక్క స్టెప్‌లో ప్రవాహం సెల్‌లో ఎంత వంతు దాటుతుందో చెప్పేది) 0.5 ఉండాలంటే స్టెప్ 0.0025 దాటకూడదు. స్నిగ్ధత పదాన్ని ఎక్స్‌ప్లిసిట్‌గా (పాత స్టెప్ విలువలతో) లెక్కిస్తే గోడ దగ్గరి సెల్ 0.0011 పరిమితి విధిస్తుంది. అందుకే గోడకు లంబదిశలోని స్నిగ్ధతను ఇంప్లిసిట్‌గా (కొత్త స్టెప్ విలువలతో) తీసుకుంటారు, ఆ ఒక్క మార్పుతో రన్ సగానికి పైగా తగ్గుతుంది.

ఆరంభ స్థితిలో గట్టి కదలిక కలపండి. యాదృచ్ఛిక సంఖ్యలు చల్లితే స్నిగ్ధత వాటిని తినేస్తుంది. ప్రవాహ దిశలో సాగిన పెద్ద సుడులు కలిపితేనే టర్బులెన్స్ నిలబడుతుంది. అది నిలిచిందా లేదా అన్నది ఒక్క సంఖ్యతో తెలుస్తుంది. సగటు వేగం 17.5 దగ్గర ఆగాలి. 20 దాటి ఎగబాకుతూ ఉంటే ప్రవాహం లామినార్‌గా మారిపోయింది, అది 131 చేరేదాకా ఆగదు. అలాంటప్పుడు రన్ ఆపేసి మళ్లీ మొదలుపెట్టడమే.

తొలి 15 టైమ్ యూనిట్లు వదిలేసి, తర్వాతి 20 యూనిట్ల సగటు తీసుకోండి, మొత్తం 14,000 స్టెప్పులు. ముందు మొత్తం స్ట్రెస్ చూడండి. స్నిగ్ధ స్ట్రెస్, రెనాల్డ్స్ స్ట్రెస్, ఉపగ్రిడ్ స్ట్రెస్ కలిపితే గోడ దగ్గర 1 నుంచి మధ్యలో 0కు సరళ రేఖగా దిగాలి. దిగకపోతే సగటు ఇంకా చాలలేదు. తర్వాత వేగపు గ్రాఫ్‌ను లాగరిథమ్ రేఖతో పోల్చండి. ప్రవాహ దిశ కల్లోల తీవ్రత వై-ప్లస్ 15 దగ్గర 2.7 వరకు లేవాలి. ఈ గ్రిడ్ మీద శిఖరం కాస్త ఎక్కువగా రావడం సహజమే, కానీ 25 దగ్గర కనిపిస్తే గోడ దగ్గర పరిష్కారం చాలడం లేదని అర్థం.

ఐదో అడుగు: పడవ ఆకారం, మెష్

జ్యామితి ఫైలే చాలాసార్లు మెష్‌ను పాడుచేస్తుంది, కానీ అందరూ సాల్వర్‌నే అనుమానిస్తారు. ఎస్‌టీఎల్ ఫైల్ అంటే చదునైన త్రిభుజాల కూర్పు. పడవ అడుగున 1 మీటర్ వ్యాసార్ధం ఉన్న వంపును 5 సెంటీమీటర్ల త్రిభుజాలతో కప్పితే, మధ్యలో అసలు వంపుకీ త్రిభుజానికీ తేడా 0.31 మిల్లీమీటర్లు. మన పడవకు అది వై-ప్లస్ 50. మీరు 12 మైక్రాన్ల పొర వేస్తున్న గోడ మీద 310 మైక్రాన్ల తప్పు ఉందన్నమాట. ప్రతి త్రిభుజం అంచు దగ్గరా పీడనం ఎగిరిపడుతుంది, బౌండరీ లేయర్ ప్రతి అంచు దగ్గరా తడబడుతుంది. తేడా 6 మైక్రాన్లకు దిగాలంటే త్రిభుజాలు 7 మిల్లీమీటర్లు ఉండాలి. క్యాడ్ నుంచి ఎగుమతి చేసేటప్పుడే ఈ టాలరెన్స్ (అనుమతించే తేడా) సెట్ చేసుకోండి.

సంఖ్యల కచ్చితత్వం కూడా చూసుకోండి. సింగిల్ ప్రెసిషన్‌లో 10 మీటర్ల దూరాన ఉన్న బిందువు స్థానాన్ని దాదాపు 1 మైక్రాన్ కంటే సూక్ష్మంగా చెప్పలేం. 12 మైక్రాన్ల సెల్‌లో అది 8 శాతం. గోడ వరకు మెష్ వేస్తే డబుల్ ప్రెసిషన్ తప్పనిసరి.

గోడ మీద పొరలు ప్రిజంలుగా, గోడకు లంబంగా లేవాలి. ఓపెన్‌ఫోమ్ అనే ఉచిత సీఎఫ్‌డీ ప్యాకేజీలోని మెష్ సాధనం స్నాపీహెక్స్‌మెష్ వాడితే కీల్ అంచు, చుక్కాని మూలల దగ్గర పొరలు కూలిపోయే ప్రమాదం ఉంది. చివర్లో ఇచ్చే పొరల కవరేజీ శాతం మాత్రమే చూసి ఊరుకోకండి. 95 శాతం వచ్చినా మిగతా 5 శాతం సరిగ్గా మీకు కావలసిన చోటే ఉండొచ్చు. ఫలితాలను బొమ్మలుగా చూపే పారావ్యూలో పొరల సంఖ్యను రంగులుగా వేసి, వెనుక భాగాన్ని తిప్పి తిప్పి చూడండి. పై పొర నుంచి బయటి సెల్‌కు మారేచోట ఘనపరిమాణం ఒక్కసారిగా రెండు రెట్లకు మించి పెరగకూడదు.

12 మైక్రాన్ల ఎత్తు, 2 సెంటీమీటర్ల పొడవు ఉన్న సెల్‌కు నిష్పత్తి 1,600 దాకా వస్తుంది. రాన్స్‌లో ప్రవాహం గోడ వెంట సాఫీగా సాగినంతవరకు ఇది ఫరవాలేదు. పీడన సమీకరణం మాత్రం మొండికేస్తుంది, మల్టీగ్రిడ్ (ముతక, సన్న గ్రిడ్‌ల మీద కలిపి సాధించే పద్ధతి) లేకుండా దాన్ని లొంగదీయలేం.

ఆరో అడుగు: గోడ మీద ఏం రాయాలి

గోడ వరకు మెష్ ఉంటే వేగం సున్నా, టర్బులెంట్ శక్తి సున్నా. ఒమేగా మాత్రం గోడ దగ్గర అనంతానికి పోతుంది. దానికి మొదటి సెల్‌లో 6 × స్నిగ్ధత ÷ (0.075 × దూరపు వర్గం) అన్న విలువ ఇస్తారు. మన పడవకు అది సెకనుకు 17 లక్షలు దాటుతుంది. ఆ అంకె చూసి కంగారుపడి తగ్గించకండి, అది అంత ఉండాల్సిందే.

వాల్ ఫంక్షన్ వాడితే, సాల్వర్ మొదటి సెల్ వేగం నుంచి లాగరిథమ్ సూత్రంతో ఘర్షణ వేగం రాబట్టి, గోడ ఘర్షణ సరిపోయేలా గోడ మీది టర్బులెంట్ స్నిగ్ధతను సవరిస్తుంది. మొదటి సెల్ బఫర్ పొరలో పడితే ఇది దెబ్బతింటుంది. పడవ మీద ఘర్షణ వేగం చోటుచోటుకీ మారుతుంది కాబట్టి అన్ని చోట్లా వై-ప్లస్ 30 పైనే ఉంచడం సాధ్యం కాదు. అందుకే 0 నుంచి లాగరిథమ్ ప్రాంతం దాకా ఒకే వక్రరేఖతో కలిపే స్పాల్డింగ్ సూత్రం ఆధారిత వాల్ ఫంక్షన్ ఎంచుకోండి. ఓపెన్‌ఫోమ్‌లో అది సిద్ధంగా ఉంది.

గోడ మోడల్ ఉన్న ఎల్‌ఈఎస్‌లో ఇంకో చిక్కు ఉంది. గోడను ఆనుకున్న మొదటి సెల్ వేగమే ఎప్పుడూ తప్పుగా ఉంటుంది, అక్కడి సుడులను గ్రిడ్ పట్టుకోలేదు కాబట్టి. దాన్నే మోడల్‌కు ఇస్తే ఘర్షణ తప్పు వస్తుంది, లాగరిథమ్ రేఖ పైకో కిందకో జరిగిపోతుంది. కవాయ్, లార్సన్ 2012లో చెప్పిన పరిష్కారం చాలా సులువు: మూడో నాలుగో సెల్ నుంచి వేగం తీసుకుని మోడల్‌కు ఇవ్వండి.

ఏడో అడుగు: దిశ చూడండి

ఇక్కడిదాకా చెప్పిన సూత్రాలన్నీ టూడీ ప్రవాహాల నుంచి పుట్టినవి. త్రీడీలో కొత్తగా వచ్చేది దిశ. నా దృష్టిలో ఈ గైడ్‌లో అన్నింటికంటే తక్కువ మంది చేసేదీ, అన్నింటికంటే ఎక్కువ చెప్పేదీ ఈ పరీక్షే.

పడవ వెనుక భాగంలో నీరు లోపలికి వంపు తిరుగుతుంది. ఆ మలుపుకు కావలసిన బలాన్ని ఇచ్చేది ప్రవాహానికి అడ్డంగా ఉన్న పీడన వాలు, అది సాంద్రత × వేగం వర్గం ÷ మలుపు వ్యాసార్ధంతో సమానం. బౌండరీ లేయర్ అంతటా పీడనం దాదాపు ఒకటే. గోడ దగ్గర వేగం తక్కువ. కాబట్టి అదే బలానికి గోడ దగ్గరి నీరు చిన్న వ్యాసార్ధంతో, అంటే ఇంకా పదునుగా మలుపు తిరుగుతుంది. ఫలితంగా గోడ నుంచి పైకి పోయేకొద్దీ వేగం పరిమాణంతో పాటు దిశా మారుతుంది. ఈ మెలికే పెరిగి పెరిగి, బిల్జ్ (పడవ అడుగు పక్కకు వంగే చోటు) సుడిగా గోడను వదిలి ప్రొపెల్లర్ తలంలోకి పోతుంది.

మామూలు వాల్ ఫంక్షన్ ఏం అనుకుంటుంది? గోడ ఘర్షణ దిశ, మొదటి సెల్ వేగం దిశ ఒకటేనని. మొదటి సెల్ వై-ప్లస్ 50 దగ్గర ఉంటే, ఆ కింద తిరిగిన మెలిక అంతా లెక్కలోంచి తప్పిపోతుంది. మొత్తం నిరోధంలో ఇది అంతగా కనిపించకపోవచ్చు. ప్రొపెల్లర్ దగ్గరి వేగపటంలో మాత్రం సుడి తన చోట ఉండదు.

పరీక్ష ఇలా చేయండి. వెనుక మూడో వంతు పొడవులో ఐదారు చోట్ల గోడకు లంబంగా గీతలు గీసి, ప్రతి గీత మీద వేగం దిశకూ అక్కడి గోడ ఘర్షణ దిశకూ మధ్య కోణాన్ని వై-ప్లస్‌తో గ్రాఫ్ వేయండి. కోణం మొదటి సెల్ లోపలే కొన్ని డిగ్రీలు దాటుతోందా అన్నది తెలియాలంటే ఒక్కసారైనా గోడ వరకు మెష్ వేసిన రన్ కావాలి. దాటితే వెనుక భాగంలో మాత్రం వై-ప్లస్ 1 మెష్, ముందు భాగంలో వాల్ ఫంక్షన్ పెట్టి ఖర్చు తగ్గించుకోవచ్చు. పడవ ఉపరితలం మీద ఘర్షణ రేఖలు కూడా గీయించండి. అవి ఒకచోటికి దగ్గరపడుతూ చేరుతుంటే అక్కడ ప్రవాహం గోడను వదులుతోంది. త్రీడీలో సెపరేషన్ అంటే ఘర్షణ సున్నా కావడం కాదు, ఈ రేఖలు కలవడం.

మోడల్ పరిమితి ఒకటి ఇక్కడే చెప్పాలి. ఎస్‌ఎస్‌టీ లాంటి సరళ ఎడ్డీ స్నిగ్ధత మోడల్స్, టర్బులెంట్ స్ట్రెస్ దిశ ఎప్పుడూ వేగ వాలు దిశలోనే ఉంటుందనుకుంటాయి. మెలిక తిరిగే బౌండరీ లేయర్‌లో స్ట్రెస్ కాస్త వెనకబడుతుంది. చతురస్ర గొట్టం మూలల్లో పుట్టే ద్వితీయ ప్రవాహాన్నయితే ఆ మోడల్స్ అసలు చూపించలేవు. స్పలార్ట్ 2000లో ఇచ్చిన క్వాడ్రాటిక్ సవరణ గానీ, రెనాల్డ్స్ స్ట్రెస్ మోడల్ గానీ అప్పుడు అవసరమవుతాయి.

ఎనిమిదో అడుగు: గ్రిడ్ మార్చి చూడడం

మూడు గ్రిడ్‌లు, ఒక్కో దిశలో కనీసం 1.3 రెట్ల తేడాతో. రిచర్డ్‌సన్ పద్ధతిలో ఆర్డర్ (గ్రిడ్ సన్నబడేకొద్దీ తప్పు ఏ ఘాతంతో తగ్గుతోందో) లెక్కించి, రోచ్ సూచించిన 1.25 భద్రతా గుణకంతో అనిశ్చితి చెప్పండి. వాల్ ఫంక్షన్ రన్‌లలో గ్రిడ్ సన్నబడేకొద్దీ మొదటి సెల్ బఫర్ పొరలోకి జారిపోతుంది, దాంతో ఫలితం కుదురుకోకుండా ఊగుతుంది. కాబట్టి వాటిలో మొదటి పొర ఎత్తు కదపకుండా మిగతావన్నీ సన్నబరచండి, ఆ సంగతి రిపోర్టులో స్పష్టంగా రాయండి. పోల్చుకోవడానికి కొరియా సంస్థ క్రిసో డిజైన్ చేసిన కేవీఎల్‌సీసీ2, కేసీఎస్ ఓడల కొలతల డేటా బహిరంగంగా ఉంది. ముందు వాటిలో ఒకదాన్ని సరిగ్గా రాబట్టి, తర్వాత సొంత పడవకు రండి.

చివరి అడుగు: అసలు గోడ నున్నగా ఉందా?

గరుకు ఎత్తు 5 గోడ యూనిట్ల లోపు ఉంటేనే ఉపరితలం నున్నన. మన పడవకు అది 31 మైక్రాన్లు. 70 యూనిట్లు, అంటే 0.43 మిల్లీమీటర్లు దాటితే పూర్తి గరుకు, అప్పుడు స్నిగ్ధ పొర అనేదే మిగలదు. వెచ్చటి నీటిలో రేవులో నెలల తరబడి నిలిపిన పడవ అడుగున నత్తగుల్లల్లా అతుక్కునే బార్నకిల్స్ మిల్లీమీటర్ల ఎత్తు ఉంటాయి. 3 మిల్లీమీటర్లంటే 480 యూనిట్లు. అలాంటి పడవకు 12 మైక్రాన్ల మెష్ వేయడం వృథా శ్రమ.

గరుకు పడవకు గరుకు వాల్ ఫంక్షనే సరైన దారి, లాగరిథమ్ రేఖను గరుకు కొద్దీ కిందికి దించడమే అది చేసే పని. ఇసుక గరుకు సమానపు ఎత్తు ఇచ్చేటప్పుడు, స్కేలుతో కొలిచిన బార్నకిల్ ఎత్తును నేరుగా పెట్టకండి. అవి ఎంత దట్టంగా ఉన్నాయన్నదాన్ని బట్టి ఆ విలువ మారుతుంది, కాబట్టి ఒకటి తక్కువ, ఒకటి ఎక్కువ అంచనాతో రెండు రన్‌లు చేసి ఆ మధ్య పరిధిని చెప్పండి. మొదటి సెల్ మధ్య బిందువు గరుకు ఎత్తుకు పైనే ఉండాలి. 3 మిల్లీమీటర్ల గరుకుకు మొదటి పొర కనీసం 6 మిల్లీమీటర్లు కావాలి, 1.2 పెరుగుదలతో తొమ్మిది పొరల్లో బౌండరీ లేయర్ పూర్తవుతుంది. శుభ్రమైన పడవ మెష్‌నే దీనికి మళ్లీ వాడకుండా, ఈ రన్‌కు విడిగా కొత్త మెష్ వేసుకోండి.